చిన్నపిల్లలకు నేను చెప్పిన గ్రీకు కథలు

 నేను తొమ్మిదవ తరగతి చదువుచున్నాను. మన గోడపత్రికలో ఇంతకుముందు రెండుసార్లు రాశాను. ఒకటి చెట్ల గురించి, ఒకటి పరిశుభ్రత గురించి. ఆ రెండూ పుస్తకంలో చూసి రాసినవే, ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. ఇది మాత్రం చూసి రాసింది కాదు. రాస్తూ పోతే పొడుగు అయింది, అందుకని మూడు చార్టులు అతికించాను. కింది చార్టు చదవాలంటే కూర్చోవాలి. క్షమించగలరు.

జూన్‌లో బడి తెరిచిన వారానికే తెలుగు టీచర్ గారు నన్ను పిలిచి, ఆదివారం మధ్యాహ్నం మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలకు గంటసేపు కథలు చెప్పాలన్నారు. నన్నే ఎందుకు అన్నారంటే నాకు కోయ, తెలుగు రెండూ వచ్చు. మూడో తరగతికి కొత్తగా వచ్చిన పిల్లల్లో సగం మందికి తెలుగు ఇంకా రాలేదు. లైబ్రరీ బీరువా తీసి అట్ట చిరిగిన పుస్తకం ఒకటి ఇచ్చారు. అందులో అన్నీ గ్రీకు కథలు.

"టీచర్, రామాయణం చెప్తాను, అది నాకు వచ్చు" అన్నాను. "వచ్చిన కథ అయితే పిల్లలు ముందే విన్నమాట అప్పజెప్తారు. ఎవరూ వినని కథ అయితే సొంతంగా ఆలోచిస్తారు" అన్నారు. నాకు అప్పుడు అర్థం కాలేదు. గ్రీసు ఎక్కడుందో కూడా నాకు సరిగ్గా తెలియదు. సోషల్ రూములో స్టాండు విరిగిన గ్లోబు తెచ్చుకుని వెతికాను. ఐరోపా ఖండంలో కింద, సముద్రంలోకి చేతివేళ్లు పెట్టినట్టు ఉంటుంది, చుట్టూ చిన్నచిన్న దీవులు. ఆ కథలు రెండున్నర వేల ఏళ్ల కంటే పాతవి అని టీచర్ గారు చెప్పారు.

మొదటి ఆదివారం మిడాస్ రాజు కథ చెప్పాను. మిడాస్ ఫ్రిజియా అనే దేశానికి రాజు. ఆ చోటు ఇప్పుడు టర్కీలో ఉంది. డయోనైసస్ అనే దేవుడికి ఒక ముసలి గురువు. ఆయన దారి తప్పి వస్తే మిడాస్ పది రోజులు విందు పెట్టి, మళ్లీ దేవుడి దగ్గరికి చేర్చాడు. దేవుడు సంతోషించి ఏం కావాలో కోరుకో అన్నాడు. నేను ముట్టుకున్నదల్లా బంగారం కావాలి అన్నాడు రాజు. అట్లాగే అయింది. కొమ్మ ముట్టుకుంటే బంగారం, రాయి ముట్టుకుంటే బంగారం, చివరికి రొట్టె కూడా బంగారం. ఆకలికి తట్టుకోలేక ఈ వరం తీసెయ్యమని ఏడిస్తే, పక్టోలస్ అనే నదిలో మునగమన్నాడు దేవుడు. అందుకే ఆ నది ఇసుకలో బంగారం ఉండేదని వాళ్లు చెప్పుకునేవాళ్లు.

కథ అయిపోగానే నేను బోర్డు మీద "ఈ కథలోని నీతి: దురాశ దుఃఖానికి చేటు" అని పెద్ద అక్షరాలతో రాశాను. పిల్లలందరూ గట్టిగా మూడుసార్లు చదివారు. నాకు చాలా సంతోషం వేసింది, నేనే టీచర్ అయిపోయినట్టు. గుమ్మం దగ్గర నిలబడి చూసిన టీచర్ గారు ఒక్కటే అడిగారు. "నీతి చెప్పింది నువ్వా, వాళ్లా?"

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు పొద్దున కుళాయి దగ్గర బక్కెట్ నిండేలోపల టీచర్ గారు నాకు మొత్తం చెప్పారు. నీతి వేరు, కథలోని సారం వేరు. ఇంగ్లీషు సార్ దాన్నే థీమ్ అంటారు. నీతి అంటే నువ్వు ఇట్లా చెయ్యి, అట్లా చెయ్యకు అని పెద్దవాళ్లు చెప్పేది. సారం అంటే మనుషుల గురించి, బతుకు గురించి కథ లోపల ఏమనుకుంటుందో అది. ఒకే కథకు సారాలు రెండు మూడు ఉండొచ్చు. కానీ నోటికి వచ్చింది చెప్తే సరిపోదు, కథలో చూపించాలి. పిల్లలను అడగడానికి మూడు ప్రశ్నలు చెప్పారు. కథ దేని గురించి? ఒక్క మాటలో చెప్పు. ఆ మాట గురించి కథ ఏమంటోంది? ఇప్పుడు ఒక వాక్యంలో చెప్పు. అది కథలో ఎక్కడుంది? వేలు పెట్టి చూపించు. సారం అనే మాట చిన్నవాళ్లకు సాంబారులాగా వినబడుద్ది కాబట్టి నేను "కథ లోపలి మాట" అని పేరు పెట్టాను.

రెండో ఆదివారం అదే మిడాస్ కథ మళ్లీ చెప్పాను. బోర్డు మీద ఏమీ రాయలేదు. కథ దేని గురించి అని అడిగాను. ముందు అందరూ "దురాశ" అన్నారు, పోయినవారం నేర్పింది కదా. నేను ఊరుకున్నాను. ఊరుకోవడం చాలా కష్టం, చెప్పాలని నాలుక దురద పెడుద్ది. కాసేపటికి నాలుగో తరగతి పిల్ల ఒకతి లేచి "ఆకలి గురించి" అన్నది. తప్పు అనబోయి నోరు మూసుకున్నాను. ఆకలి గురించి ఏమంటోంది అంటే "బంగారం ఎంతున్నా అన్నం లేకపోతే రాజు కూడా ఏడుస్తడు" అన్నది. ఎక్కడుంది అంటే "రొట్టె గట్టిపడ్డ కాడ" అన్నది. పుస్తకంలో నిజంగా అక్కడే ఉంది. ఇంకో పిల్ల, రాజు కూతురిని ముట్టుకున్నప్పుడు ఆ అమ్మాయి బంగారు బొమ్మ అయిపోయింది కదా, కాబట్టి ఇది కూతురి మీద ప్రేమ గురించి అన్నది. ఇద్దరికీ పెద్ద గొడవ అయింది. టీచర్ గారిని అడిగితే ఆశ్చర్యమైన సంగతి చెప్పారు. రెండు వేల ఏళ్ల కిందట ఒవిడ్ అనే రోమ్ కవి రాసిన మిడాస్ కథలో కూతురే లేదట. 1851లో హాథార్న్ అనే అమెరికా రచయిత పిల్లల కోసం రాస్తూ ఆ కూతురిని పెట్టాడట. మన పుస్తకం ఆయన దారిలో రాసింది. అంటే కూతురు లేకపోతే అది ఆకలి కథ, కూతురు వస్తే ప్రేమ కథ అయిపోయింది! ఒక్క మనిషిని కథలోకి పంపితే లోపలి మాట మారిపోతుందని నాకు ఆ రోజే తెలిసింది.

మూడో ఆదివారం ఇకారస్. క్రీట్ దీవిలో మైనస్ అనే రాజు, డెడలస్ అనే పనిమంతుడిని, కొడుకు ఇకారస్‌ని పోనివ్వకుండా పెట్టాడు. సముద్రం మీద రాజు ఓడలే. అందుకని తండ్రి పక్షి ఈకలు ఏరి, మైనంతో అతికించి ఇద్దరికీ రెక్కలు చేశాడు. మరీ పైకి పోకు, ఎండకు మైనం కరుగుద్ది, మరీ కిందికి రాకు, నీళ్లకు ఈకలు తడుస్తయ్ అని చెప్పాడు. పిల్లవాడు పైపైకి పోయాడు. మైనం కరిగి సముద్రంలో పడిపోయాడు. అక్కడున్న దీవిని ఇప్పటికీ ఇకారియా అంటారు. వార్డెన్ మేడం గారు ఆ రోజు వెనక కూర్చున్నారు కాబట్టి పిల్లలందరూ "పెద్దల మాట వినాలి" అని ఒకే గొంతుతో చెప్పారు. వార్డెన్ మేడం గారు నవ్వి లేచి వెళ్లిపోయారు. ఆమె వెళ్లాక ఐదో తరగతి పిల్ల ఒకతి మెల్లగా అన్నది, "అక్కా, అన్ని రోజులు తాళం వేసి పెట్టి ఒక్కసారి వదిలితే ఎవరన్నా పైకి పోకుంటరా? మనం సెలవులకి గేటు దాటగానే ఎట్లా ఉరుకుతం!" ఎక్కడుంది చూపించు అన్నాను. మొదటి పేజీలోనే, రాజు వాళ్లను పోనివ్వని చోటే చూపించింది. నేను ఒప్పుకున్నాను.

పండోరా కథ అంత బాగా సాగలేదు. ఆ రోజు వాన, రేకుల మీద చప్పుడుకు ఎవరికీ వినబడలేదు. మూత తీయొద్దంటే ఎందుకిచ్చినట్టు అని ఒకరిద్దరు అడిగారు, అంతే.

అరాక్నీ కథ నాకు అన్నిటికంటే ఇష్టం. లిడియా దేశంలో బట్టలకు రంగులు అద్దేవాడి కూతురు. పెద్దింటి పిల్ల కాదు. కానీ ఆమె నేత చూడటానికి అడవి దేవతలు కూడా వచ్చేవాళ్లట. నా నేత ఎథీనా దేవత నేర్పింది కాదు, నా సొంతం అన్నది. ఎథీనా వచ్చి పోటీ పెట్టింది. దేవత తన బట్ట మీద దేవుళ్ల గొప్పలు నేసింది. అరాక్నీ దేవుళ్లు మనుషులకు చేసిన మోసాలు నేసింది. అందులో ఒక్క పోగు కూడా తప్పు పట్టలేక దేవతకు కోపం వచ్చి బట్ట చింపేసి, ఆ పిల్లను సాలెపురుగును చేసింది. మన జీవశాస్త్రంలో సాలీడు, తేలు ఉండే తరగతికి అరాక్నిడా అని పేరు ఉంది చూడండి, అది ఈ అమ్మాయి పేరే. పుస్తకం చివర్లో "గర్వం తగదు" అని ఉంది. పిల్లల్లో సగం మంది అదే అన్నారు. మిగతా సగం, "గర్వం అయితే ఓడిపోవాలె గదా, ఓడిపోలేదు గదా" అన్నారు. నేను ఎటువైపో ఇక్కడ రాయను. ఈ గోడ దగ్గర పెద్దవాళ్లు కూడా నిలబడి చదువుతారు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను. ఇది చాలామందికి సగమే తెలుసు, నన్ను గురించి మెస్సులో రకరకాలుగా అనుకున్నారు కూడా. అందుకే రాస్తున్నాను.

జులై చివర్లో పెర్సెఫొనీ కథ చెప్పాను. ఆమె తల్లి దిమీటర్, పంటల దేవత. ఒకరోజు పెర్సెఫొనీ తోటి పిల్లలతో పూలు కోస్తుంటే భూమి పగిలి, చచ్చిపోయినవాళ్ల లోకానికి రాజైన హేడీస్ రథం మీద వచ్చి ఎత్తుకుపోయాడు. తల్లి వెతికి వెతికి, బిడ్డ లేని దుఃఖంలో పంటలు మొలవకుండా చేసింది. అప్పుడు పెద్ద దేవుడు జూస్ భయపడి, బిడ్డను పంపమని కబురు పెట్టాడు. హేడీస్ సరే అన్నాడు. కానీ పంపేముందు ఆమెకు దానిమ్మ గింజలు పెట్టాడు. ఆ లోకంలో తిన్నవాళ్లు ఆ లోకానికే చెందుతారు. మన పుస్తకంలో ఆరు గింజలు అని ఉంది. కాబట్టి ఏడాదిలో ఆరు నెలలు అక్కడ, ఆరు నెలలు తల్లి దగ్గర. బిడ్డ వెళ్లినప్పుడు నేల ఎండిపోతుంది, వచ్చినప్పుడు పచ్చబడుతుంది.

నేను ముందే జవాబు సిద్ధం చేసుకున్నాను. "ఋతువులు ఎట్లా వచ్చాయి" అని. తర్వాత ఆలోచిస్తే అది లోపలి మాట కాదు, కథ పైకి చెప్పే కారణం మాత్రమే. పిల్లలు నాకంటే ముందు పోయారు. ఒకతి, "అక్కా, మనం జూన్‌ల బడికొస్తం, అప్పుడే ఊర్ల విత్తనాలేస్తరు. మనం అమ్మను ఇడిసి వచ్చినంక పంట మొలుస్తది. ఆ అమ్మాయి పోతే మొలవదు. మనది తిరగబడింది" అన్నది. అందరం నవ్వాము. ఆ నవ్వులో మూడో తరగతి చిన్నది ఒకతి నవ్వలేదని నేను చూడలేదు.

ఆ చిన్నదాని పేరు రాయను, చదివి సిగ్గుపడుద్ది. తాలిపేరు వాగు అవతల ఊరు, మా ఊరికి దగ్గరే. అప్పటికి వచ్చి నెలన్నర. తెలుగులో అవును, కాదు, ప్రెజెంట్ టీచర్, ఈ మూడే వచ్చు.

ఆ రాత్రి ఆమె అన్నం తినలేదు. కడుపునొప్పేమో అనుకున్నారు. మర్నాడు పొద్దున ఉప్మా తినలేదు. మధ్యాహ్నం గుడ్డు పెట్టిన రోజు, గుడ్డు కూడా ముట్టలేదు. గుడ్డు వద్దనే పిల్లను మన హాస్టల్లో ఎవరైనా చూశారా? వార్డెన్ మేడం గారు నర్సమ్మకు చూపించారు. జ్వరం లేదు. సాయంత్రం పక్కలు దులిపేటప్పుడు ఆ చిన్నదాని దిండు కింద నాకు పాత తువ్వాలు మూట దొరికింది. అందులో మక్క పేలాలు, అడుగున ఒక గుప్పెడు మిగిలాయి. ఇంటి నుంచి తెచ్చుకున్నవి. రోజంతా అవే తిని, కుళాయి నీళ్లు తాగింది.

పక్కన కూర్చోబెట్టుకుని కోయలో అడిగాను. చాలాసేపు చెప్పలేదు. తర్వాత నా చెవిలో చెప్పింది. ఇక్కడి తిండి తింటే ఇక్కడే ఉండిపోవాలి కదా అక్కా, నాకు తెలియక ఇన్ని రోజులు తిన్నాను, ఇంక తినను, తినకపోతే దసరాకి అమ్మ వచ్చినప్పుడు నన్ను పంపిస్తారు.

నాకు గుండె ఆగినట్టయింది. నేను చెప్పిన కథే. నేను నేర్పిన మూడు ప్రశ్నలే. కథ దేని గురించి? తినడం గురించి. ఏమంటోంది? ఎవరి తిండి తింటే వాళ్లవాళ్లం అయిపోతాం అంటోంది. ఎక్కడుంది? దానిమ్మ గింజల కాడ. క్లాసులో అడిగి ఉంటే నేను ఆమెకు పదికి పది వేసేదాన్ని.

"అది ఉత్త కథే, అబద్ధం" అన్నాను. ఆమె నన్ను చూసిన చూపు నేను మర్చిపోలేను. "అబద్ధమైతే మరి దాని లోపల మాట ఎతకమని ఎందుకు చెప్పినవ్?" అన్నది. నా దగ్గర జవాబు లేదు.

నేను ఈ బడికి మూడో తరగతిలో వచ్చాను. మా ఇంట్లో బడి మెట్లు ఎక్కిన మొదటిదాన్ని నేనే. అమ్మ రిజిస్టర్లో వేలిముద్ర వేసి, చింతచెట్టు దాకా వెళ్లి ఒకసారి వెనక్కి చూసి పోయింది. మొదటి రోజు నాకు దాహం వేసి "ఏరు, ఏరు" అని అడిగాను. మా కోయలో ఏరు అంటే నీళ్లు. అక్కడున్న పెద్దామె, "ఏరు దూరం, పిల్లలు ఏటికాడికి పోకూడదు" అని నన్ను వరండాలో కూర్చోబెట్టింది. ఆమె తప్పు లేదు, తెలుగులో ఏరు అంటే వాగే కదా. కానీ నేను మాత్రం, ఇక్కడ నీళ్లు అడగకూడదు కాబోలు అనుకున్నాను. రెండు రోజులు అడగలేదు. ఎవరైనా పిల్లలు తాగుతుంటే వాళ్ల వెనక నిలబడి, వాళ్లు వదిలిన కుళాయి కింద దోసిలి పట్టేదాన్ని. ఈ సంగతి ఇప్పటివరకు ఎవరికీ చెప్పలేదు. చిన్నది నా చెవిలో చెప్పినప్పుడు నాకు అదే గుర్తొచ్చింది. ఆమెకు అర్థం కాక తినకపోలేదు. మరీ బాగా అర్థమై తినలేదు.

భయపడుతూనే టీచర్ గారి దగ్గరికి వెళ్లి చెప్పాను. ఇంక కథలు మాన్పిస్తారు అనుకున్నాను. వార్డెన్ మేడం గారు కూడా అక్కడే ఉన్నారు. తిట్టలేదు. "పొద్దున్నే చెప్పాల్సింది" అన్నారు, అంతే. తెలుగు టీచర్ గారు ఫోన్‌లో చాలాసేపు వెతికి చదివారు. మన పుస్తకంలో ఉన్నది ఆ కథలో సగం కూడా కాదట. అన్నిటికంటే పాతది గ్రీకులో దిమీటర్ మీద ఉన్న పొడుగాటి స్తోత్రమట, సుమారు రెండు వేల ఆరువందల ఏళ్ల నాటిది. అందులో ఆరు గింజలు లేవు, ఒక్కటే గింజ. ఆరు నెలలు కూడా కాదు. ఏడాదిని మూడు భాగాలు చేస్తే ఒక భాగం కింద, రెండు భాగాలు తల్లి దగ్గర. సగం సగం అని చెప్పింది తర్వాతి కాలపు ఒవిడ్.

దానికంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. బిడ్డ పోయాక దిమీటర్ తొమ్మిది రోజులు చేతుల్లో కాగడాలు పట్టుకుని తిరిగింది. ఏమీ తినలేదు, తాగలేదు, స్నానం చెయ్యలేదు. చివరికి ముసలామె వేషంలో ఎల్యూసిస్ అనే ఊరు చేరి ఒకరి ఇంట్లో కూర్చుంది. ముసుగు తీయలేదు, మాట్లాడలేదు. ఆ ఇంట్లో ఇయాంబీ అనే పనిమనిషి ఉంది. ఆమె ఊరుకోకుండా వేళాకోళాలు ఆడి ఆడి దేవతను నవ్వించింది. అప్పుడు దేవత తాగడానికి ఒప్పుకుంది. ద్రాక్షసారా వద్దని, బార్లీ పిండి, నీళ్లు, పుదీనా లాంటి ఆకు కలిపి ఇమ్మని తాగింది. తాగిన తర్వాతనే ఆమె పంటలు ఆపి, దేవుళ్లతో కొట్లాడి బిడ్డను తెచ్చుకుంది.

"ఇది చెప్పు ఆ పిల్లకు" అన్నారు టీచర్ గారు.

రాత్రి ఎనిమిదికి వరండాలో చిన్నదాన్ని కూర్చోబెట్టుకుని కోయలో చెప్పాను. మంచాల మీద నుంచి మిగతా పిల్లలు కూడా దిగి వచ్చారు. ఇయాంబీ దగ్గరికి వచ్చేసరికి ఏం వేళాకోళం ఆడిందో నాకు తెలియదు కాబట్టి నేనే ఆడాలి. వ్యాయామం సార్ పొద్దున్నే విజిల్ ఊదుకుంటూ వచ్చి బురదలో జారి, పడలేదు పడలేదు అని లేచి నిలబడింది చేసి చూపించాను. సార్ క్షమించాలి. అందరూ పడీపడీ నవ్వారు. చిన్నది మొదట మోకాళ్లలో మొహం పెట్టుకుంది, తర్వాత భుజాలు కదిలాయి.

నవ్వు ఆగాక అన్నం మాట ఎత్తలేదు. ఆమే అడిగింది. "అంటే వాళ్లమ్మ కూడా తినలేదా?"

"తినలేదు. తొమ్మిది రోజులు."

కాసేపు ఊరుకుని, "మా అమ్మ తింటున్నదా?" అన్నది.

ఇది నేను అనుకోలేదు. నేను తినడం గురించి, ఉండిపోవడం గురించి జవాబులు వెతుక్కుని వచ్చాను. ఆమె ఇంకో లోపలి మాట పట్టుకుంది.

ఫోన్ ఆదివారమే ఇస్తారు, మీకు తెలుసు. ఆ రోజు సోమవారం. వార్డెన్ మేడం గారు ఒక్కమాట కూడా అనకుండా తన ఫోన్ తెచ్చారు. వాళ్ల ఊళ్లో అంగన్‌వాడీ టీచర్‌కే ఫోన్ ఉంది, సిగ్నల్ గుట్ట దగ్గరే వస్తుంది. నాలుగుసార్లు చేశాక దొరికింది. అరగంటకు వాళ్లమ్మను తీసుకుని గుట్ట దగ్గరికి వచ్చి మళ్లీ చేసింది, చీకట్లో. ఆ అంగన్‌వాడీ టీచర్ గారికి ఈ గోడ మీద నుంచి నమస్కారం.

వాళ్లమ్మ మొదటి మాట ఏమని ఉంటది? మన అమ్మలందరి మొదటి మాటే. తిన్నవా? చిన్నది జవాబు చెప్పకుండా నువ్వు తిన్నవా అని అడిగింది. మూడుసార్లు అడిగింది. పొద్దుగాల నాటుకు పోయినం, అక్కడే తిన్నం, ఇప్పుడు మళ్లా తిన్న, చేపల కూర అని వాళ్లమ్మ చెప్పింది. స్పీకర్ పెట్టారు కాబట్టి మేమందరం విన్నాం. చేపల కూర అనగానే చిన్నదాని మొహం మారింది, తనకు పెట్టకుండా తిన్నారని!

అప్పటికి వంటగది కడిగేశారు. ఆయమ్మ మళ్లీ పొయ్యి వెలిగించి రాగి జావ కాచింది. చిన్నది గ్లాసు పట్టుకుని, తాగేముందు నన్ను అడిగింది. "వాళ్లమ్మ తాగింది గదా, ఆమె ఆ ఇంట్లనే ఉండిపోయిందా?" ఉండిపోలేదు, తాగి, లేచి, బిడ్డను తెచ్చుకున్నది అన్నాను. రెండు గ్లాసులు తాగింది.

తర్వాతి ఆదివారం పెర్సెఫొనీ కథ మళ్లీ చెప్పాను, ఈసారి ఇయాంబీతో కలిపి. కథ దేని గురించి అంటే ఒకరు అమ్మ అన్నారు, ఒకరు ఆకలి, ఒకరు దూరం. నవ్వించడం అని ఒకరు అన్నారు, నేను అనుకోనిది అది. నాలుగూ బోర్డు మీద రాశాను. ఏది సరైనదో నేను చెప్పలేదు, కథలో చూపించగలిగారు కాబట్టి నాలుగూ ఉంచాను. ఇప్పుడు చిన్నపిల్లలకు కథ చెప్పేముందు, ఇది విని ఎవరైనా ఏం చెయ్యొచ్చు అని ఒకసారి ఆలోచిస్తున్నాను. అన్నీ ఊహించలేం అనుకోండి.

ఆ రోజు తెలుగు టీచర్ గారు భద్రాచలం నుంచి రెండు దానిమ్మ పండ్లు తెచ్చారు. పిల్లల్లో చాలామంది ఆ పండు ఎప్పుడూ తినలేదు. నేను కూడా ఒకసారి ఆస్పత్రిలో పక్క మంచం వాళ్ల దగ్గర చూడటమే. పండ్లు కోసి గింజలు వొలిచి తలా ఆరు పంచాను. చేతులు ఎర్రగా అయ్యాయి. పిల్లలు ఒక్కొక్క గింజ నాలుక మీద పెట్టుకుని చాలాసేపు చప్పరించారు.

చిన్నది ఇప్పుడు అన్నం తింటుంది, ఉప్మా తింటుంది, గుడ్డు అయితే రెండోది అడుగుద్ది. కానీ ఆ ఆరు గింజలు మాత్రం అరచేతిలో పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. తెలుగులోనే అన్నది, మొదటిసారి ఇంత పొడుగు మాట.

"నువ్వు తిను అక్కా. నువ్వు ఎట్లాగూ పదో తరగతి దాకా ఉండాలె గదా."

తిన్నాను. కొంచెం పులుపు, ఎక్కువ తీపి.